థామస్ బెల్గప్ నవల, నూట పన్నెండో పేజీ

దయ్యాలకు స్వయంప్రతిపత్తి లేదు. ఈ సంగతి ఏ శాస్త్రంలోనూ రాసి ఉండకపోవచ్చుగానీ, రెండువేల రెండో సంవత్సరం నాటికి హైదరాబాదులో టీవీ సీరియళ్ళు తీసే ప్రతి ఆఫీసులోనూ దీన్ని రాజ్యాంగంలా పాటించేవారు. తెలుగు దయ్యం తనంతట తాను లేచి వచ్చి ఎవరినీ భయపెట్టడానికి వీల్లేదు. అది ముందుగా ఏదో ఒక చలిదేశంలో, కనీసం వందేళ్ళ కిందట, ఒక దొర రాసిన నవలలో చచ్చి ఉండాలి. ఆ పైన నలుపు తెలుపు సినిమాలో ఒకసారి, రంగుల సినిమాలో ఇంకోసారి చచ్చి, వీడియో క్యాసెట్టు రూపంలో హైదరాబాదు చేరి, బొట్టు పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని, అప్పుడు మన ఇళ్ళలోకి రావాలి. (మధ్యలో ఏ ఒక్క దశ తప్పినా ఆ దయ్యం చెల్లదు.)

అందువల్ల ఆ రోజుల్లో ఏ సీరియల్ పెట్టినా ఒక బంగళా కనిపించేది. పెద్దభార్య చచ్చిపోయి పటంలో నవ్వుతుండేది. రెండోభార్య బతికుండి భయపడుతుండేది. తాళం వేసిన మేడగదిలో ఇంకెవరో ఏడుస్తుండేవారు. బయట పొగమంచు, లోపల చలిమంట. అనంతపురం జిల్లాలో నలభై మూడు డిగ్రీల ఎండ కాస్తుంటే, తెరమీద కథానాయిక శాలువా కప్పుకుని వణికేది. జనం విసనకర్రలు విసురుకుంటూ ఆమె మీద జాలిపడేవారు.

అదే జిల్లాలోని బెళుగుప్పలో ఈ సీరియళ్ళకు ఆదరణ మరీ ఎక్కువ. దానికి కారణం దయ్యం కాదు. దయ్యం వచ్చే ముందు ప్రతి రోజూ తప్పకుండా వాన కురిసేది. వరసగా మూడేళ్ళు శెనక్కాయ చేలు ఎండిపోయిన ఊళ్ళో, టైముకు కురిసే వాన అదొక్కటే. అది వెలిసిపోగానే సగం మంది లేచి వెళ్ళిపోయేవారు. దయ్యాన్ని చూడటానికి ఆడవాళ్ళు మిగిలేవారు.

అలా మిగిలినవాళ్ళలో సువర్ణ ఒకతె. వయసు ముప్పై రెండు. బస్టాండులో ఎస్టీడీ బూతు నడుపుతుంది. మొగుడు ఓబిలేష్ శెనక్కాయ రైతు. అంటే, చేను ఉంది, విత్తనం ఉంది, వాన రాగానే రైతు అవుతాడు. బూతులో ఒక ఫోనుకూ ఇంకో ఫోనుకూ మధ్య సువర్ణ లాంగు నోటుబుక్కులో ఏదో రాస్తుండేది. ఫోను చేసేవాళ్ళు అది బిల్లుల లెక్క అనుకునేవారు.

ఆమె రాసింది వాళ్ళమ్మ కథ.

సువర్ణకు ఐదేళ్ళప్పుడు కరువొచ్చి వాళ్ళ పెరటి బావి అడుగంటింది. అడుగున ఊటలో చెంబుతో తోడుకుంటే రోజుకొక కడవ నీళ్ళు వచ్చేవి. అమ్మ లక్ష్మీదేవమ్మ తాడు పట్టుకుని దిగేది, నాయన ఈశ్వరప్ప పైన గిలక దగ్గర నిలబడేవాడు. ఒక రోజు బావి గోడ విరిగి లోపలికి కూలింది. అమ్మ పైకి రాలేదు. నాయన ఆ బావి మీద బండలు పరిపించి, గిలక ఊడబీకి పారేశాడు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళలో ఆయన నోట పెళ్ళాం పేరు రాలేదు. ఎవరైనా అడిగితే "కాలమైపాయ" అని లేచి వెళ్ళిపోయేవాడు. సువర్ణకు తెలిసిందల్లా మేనత్త సుంకమ్మ చెప్పిన ముక్క ఒకటే. మన్ను మీద పడుతుండగా అమ్మ లోపలినుంచి అరిచిందట: "పాపను బాయి కాడికి రానీయాకండి!"

సువర్ణ కథలో ఆ బావి మూసేసిన తర్వాత కూడా సాయంత్రాలు గిలక తిరిగిన చప్పుడూ, వెంట అమ్మ కేకా వినిపిస్తాయి. ఎవరో లోపలినుంచి కడవ అందిస్తుంటారు. అందుకునేవాళ్ళే ఉండరు. అంతే కథ. దాన్ని తెల్లకాగితాల మీద తిరగరాసి, ఒక సీరియల్ కంపెనీకి రిజిస్టరు పోస్టులో పంపింది. నెల తిరక్కుండా వచ్చి కలవమని ఉత్తరం వచ్చింది. మొగుడూ పెళ్ళాం హైదరాబాదు బస్సెక్కారు.

ఆ కంపెనీ పేరు మహోదయ టెలివిజన్స్. అందులో కథలు చూసే అధికారి పేరు భుజంగరావు. ఆయన హోదా 'మూల నిర్ధారణాధికారి'. గోదావరి జిల్లా మనిషి, మర్యాదస్తుడు. ఆయన వెనక అద్దాల బీరువా నిండా ఇంగ్లీషు నవలలు, క్యాసెట్లు. ప్రతిదానికీ ఒక నంబరు, దాన్ని ఎప్పుడు వాడారో ఒక తేదీ.

"చదివానమ్మా," అన్నాడు భుజంగరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. "రెండుసార్లు చదివాను. రెండోసారి మా ఆవిడకు వినిపించాను. ఆ పూట మా ఇంట్లో వంట లేదు. ఇంతకీ ఏ పుస్తకంలోది?"

"ఏ పుస్తకంలోదీ కాదు సార్. మాయమ్మది."

"ఓహో, మీ అమ్మగారు రాశారా?"

"లేదు సార్. చచ్చిపోయినాది."

భుజంగరావు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "అంటే... సొంతమా?" అన్నాడు, జ్వరం ఎన్నాళ్ళనుంచి అని డాక్టరు అడిగినట్టు.

సువర్ణ తలూపింది.

"చూడమ్మా, మా సంస్థ పన్నెండేళ్ళలో పద్నాలుగు సీరియళ్ళు తీసింది. అందులో ఒక్కటి కూడా మాది కాదు." ఈ మాట చెప్పేటప్పుడు ఆయన కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాడు. "ఎందుకంటావా? రేపు సీరియల్ ఆడలేదనుకో. సబ్బుల కంపెనీవాళ్ళు వచ్చి ఎందుకు ఆడలేదని నన్ను అడుగుతారు. నూట ముప్పై ఏళ్ళనుంచి ఇది అన్ని దేశాల్లోనూ ఆడిందండీ, ఇక్కడ ఆడకపోతే తప్పు జనానిది అంటాను. నీ కథ అయితే ఏమనాలి? బెళుగుప్పలో ఒకావిడ చెప్పిందండీ అనాలా?"

"మరి ఇంగ్లీసోల్ల కథ తీసుకుంటే వాల్లు ఊరుకుంటారా సార్?"

"వాళ్ళకు తెలుగు రాదు కదమ్మా," అన్నాడు భుజంగరావు ఓపిగ్గా.

సువర్ణ కాగితాలు తీసి సంచిలో పెట్టుకోబోయింది. అంతవరకూ గోడమీది దేవుడి క్యాలెండరు చూస్తూ కూర్చున్న ఓబిలేష్ అప్పుడు నోరు తెరిచాడు.

"సార్, ఈయమ్మి సిగ్గుపడి చెప్తాలేదు. అది ఇంగ్లీసు పుస్తకమే."

భుజంగరావు మొహం విప్పారింది. వెంటనే సొరుగులోంచి 'మూల నిర్ధారణ పత్రం' తీశాడు. "రచయిత పేరు?"

ఓబిలేష్ ఆ గదిలో పేరు కోసం వెతికాడు. చేతిలో ఉన్న కవరు మీద తమ ఊరి పేరు కనిపించింది. "బెల్గప్ సార్."

"పూర్తి పేరు?"

"థామస్." (తన చేలో మూడు బోర్లు వేసి, మూడింట్లోనూ దుమ్ము తెప్పించిన కేరళ లారీ ఆయన పేరు అది.)

"థామస్ బెల్గప్! ఆహా!" భుజంగరావు కలం ఆగిపోయింది. "బి.ఏ.లో మాకు నాన్‌డీటెయిల్డ్ పాఠ్యపుస్తకంగా ఉండేది కదూ. ఉన్నారా, పోయారా?"

"పోయినాడు సార్. పద్దెన్మిది వందల తొంబైలో."

"పోతేనే మంచిది," అని భుజంగరావు ఆ గడిలో టిక్కు పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో సువర్ణ మొగుడికి వీపు పెట్టి కూర్చుంది. గుంతకల్లు దాటాక ఓబిలేషే అన్నాడు: "ఏమే, మీయమ్మ కథ పది మందికీ తెలియల్ల అంటివి. తెలుస్తాది గదా. పేరు యెవునిదైతే ఏమి?" అమ్మ కథ బూతులోనే ఉండిపోవడంకంటే బెల్గప్ పేరుతోనైనా బయటికి రావడం మేలని ఆమెకూ అనిపించింది.

అయితే మూల నిర్ధారణ పత్రం మీద ఒక ఇంగ్లీషు అధ్యాపకుడి సంతకం కావాలి. అనంతపురంలో ఒక కాలేజీలో రామాంజులు అనే ఇంగ్లీషు లెక్చరరు ఉన్నాడని ఎవరో చెప్పారు. సువర్ణ ఆయన ఇంటికి వెళ్ళింది. అబద్ధం తేలిపోతే నిజం చెప్పేసి కాళ్ళ మీద పడదామని దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. రామాంజులు కాగితం చదివాడు. కొంతసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

"బెల్గప్..." అన్నాడు మెల్లగా. "తొలి రచనలకంటే ఇది మేలమ్మా. శైలి కొంచెం కష్టం." అని పచ్చ సిరాతో సంతకం పెట్టాడు.

సీరియల్ పని మొదలైంది. పేరు 'గిలక'. భుజంగరావు వారానికోసారి బూతుకు ఫోను చేసి మార్పులు చెప్పేవాడు. మొదటి వారం బావి చెరువైంది, పడవ షాటు బాగుంటుందని. రెండో వారం అమ్మ జమీందారిణి అయింది. మూడో వారం పొగమంచు దిగింది. సువర్ణ బతిమాలింది, ఏడ్చింది, కథ వెనక్కిచ్చేయమంది. "కథ గురించి మీకేం తెలుసమ్మా?" అన్నాడు భుజంగరావు, కోపం లేకుండానే.

అప్పుడామె నోటినుంచి ఒక మాట ఊడిపడింది.

"ఒరిజినల్లో అట్ల లేదు సార్."

అవతలి వైపు కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"లేదా?" అన్నాడు భుజంగరావు గొంతు తగ్గించి.

"లేదు సార్. నలభయ్యో పేజీలో పొగమంచు లేదని బెల్గప్ స్పష్టంగా రాసినాడు. ఎండ, దుమ్ము, కంపచెట్లు. అంతే."

"ఇంగ్లండులో కంపచెట్లా?"

"ఆయప్ప ఎండాకాలంలో రాసినాడు సార్."

పొగమంచు పోయింది. ఆ మరుసటి వారం అరవై మూడో పేజీ వల్ల చెరువు మళ్ళీ బావి అయింది. డెబ్బయ్యో పేజీ దెబ్బకు జమీందారిణి నగలన్నీ తీసేసి నూలుచీర కట్టుకుంది. సువర్ణ మాటకు విలువ లేని చోట బెల్గప్ మాటకు ఎదురు లేదు. ఆమె బూతులో కూర్చుని, రిసీవరు భుజానికి ఆనించుకుని, ఆ లేని పుస్తకంలోంచి పేజీ తర్వాత పేజీ చదివి వినిపించేది. చివరికి బావిలోంచి అమ్మ అరిచే మాట దగ్గర పేచీ వచ్చింది. "ఈ వంశాన్ని వదలను, పగ తీర్చుకుంటాను" అనాలని దర్శకుడి పట్టు.

"నూట పన్నెండో పేజీ సార్," అంది సువర్ణ. "'పాపను బాయి కాడికి రానీయాకండి.' అంతకు మించి ఒక్క ముక్క గూడా ఆ దొర రాయలేదు."

అంతకు మించి ఒక్క ముక్క కూడా దర్శకుడు తీయలేదు. షూటింగుకు తగిన చోటు కోసం రాష్ట్రమంతా తిరిగి చివరికి అనంతపురం జిల్లాలోనే కుందుర్పి దగ్గర ఒక ఎండిన ఊరు ఎంచుకున్నారు. బెల్గప్ వర్ణించిన ప్రాంతానికి ఇంత దగ్గరగా ఉన్న చోటు ఇండియాలో ఇంకొకటి లేదని దర్శకుడు పత్రికలకు చెప్పాడు. ఆ వార్తలో ఎవరో బెల్గప్ పేరు ముందు 'సర్' చేర్చారు. అది మళ్ళీ ఊడలేదు.

'గిలక' సాయంత్రం ఆరున్నరకు మొదలైంది. అందులో ఒక్క రోజు కూడా వాన కురవకపోయినా జనం కదలకుండా కూర్చున్నారు. బెళుగుప్పవాళ్ళకు అది గొప్ప ఊరట కూడా ఇచ్చింది. "ఇంగ్లీసు దేశంలో గూడా బాయిలు ఎండిపోయినాయంట. దొరలకే నీల్లు లేవంటే ఇంగ మనమెంతప్పా," అని టీ అంగడి దగ్గర చెప్పుకున్నారు.

ఈశ్వరప్ప కూతురింట్లోనే ఉంటాడు. సీరియల్ మొదలైన రోజునుంచి అరుగుమీదినుంచి లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని చూసేవాడు. సువర్ణ టీవీని కాక నాయననే చూస్తుండేది. యాభై ఎనిమిదో ఎపిసోడులో ఆడమనిషి తాడు పట్టుకుని బావిలోకి దిగింది. గిలక కిర్రుమంది. మన్ను కూలింది. లోపలినుంచి ఆ కేక వినిపించింది.

ఈశ్వరప్ప లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఇంకా కొంచెం వెలుతురు ఉంది. ఆయన బావి మీది బండ పక్కన గొంతుక్కూర్చున్నాడు. సువర్ణ వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఆ దొర మనూరికి యా సంవత్సరం వచ్చినాడు?" అన్నాడు ఈశ్వరప్ప.

"ఏ దొరా రాలేదు నాయనా. నేనే రాసినా."

ఆయన చాలాసేపు బండను అరచేత్తో రుద్దుతూ ఉన్నాడు.

"అట్లయితే తప్పు రాసినావు," అన్నాడు.

"ఏది తప్పు నాయనా?"

"మీయమ్మ ఆ మాట అన్లేదు. నువ్వు ఏడుస్తాంటే మీ అత్త కల్పించి చెప్పింది."

"మల్ల ఏమనింది?"

"మన్ను రాల్తాంది, తాడు పట్టుకోని ఎక్కొచ్చేయమంటి నేను. ఆయమ్మ ఇన్లేదు. కడవ నిండినాది, ఒలికిపోతాది, ముందు కడవ లాగు అనింది." ఆయన గొంతు సాఫీగానే ఉంది. ఇరవై ఏడేళ్ళుగా రోజూ లోలోపల చెప్పుకుంటున్న మాటల్లా ఉన్నాయవి. "నేను కడవ లాగినా. కడవ పైకొచ్చినాది. ఆయమ్మ రాలే."

సువర్ణ అడిగింది: "ఆ నీల్లు ఏం చేసినావు నాయనా?"

"నీకే తాపినా," అన్నాడు ఈశ్వరప్ప. "దప్పికని ఏడుస్తాంటివి."

ఆ తర్వాత ఆయన ఏడ్చాడు. అరవై అయిదేళ్ళ మనిషి, కూతురి భుజం పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. మధ్యలో రెండుసార్లు "లచ్చుమీదేవీ" అన్నాడు. లోపల టీవీలో సబ్బు ప్రకటన నడుస్తోంది.

మర్నాడు పొద్దున బూతు తెరవగానే సువర్ణ హైదరాబాదుకు ఫోను చేసింది. ఆ కేక సీరియల్లో ఇంకా చాలాసార్లు వినిపించాల్సి ఉంది, గిలక తిరిగినప్పుడల్లా. దాన్ని మార్చాలి. పాప మాట తీసేసి, 'ముందు కడవ లాగు' అని పెట్టాలి.

"అది కుదరదమ్మా," అన్నాడు భుజంగరావు. "నూట పన్నెండో పేజీలో ఏముందో మీరే చెప్పారు. ఇప్పుడు మూలాన్ని మార్చడానికి మనమెవరం? మార్చాలంటే వారసుల అనుమతి ఉండాలి."

"వారసురాల్ని నేనే సార్."

"బెల్గప్ గారికా?"

"మాయమ్మకు."

"మీ అమ్మగారు ఫారంలో లేరు కదమ్మా."

సువర్ణ కళ్ళు మూసుకుంది. "సార్, నిజం చెప్తాండా. బెల్గప్ లేడు సార్."

"తెలుసమ్మా," అన్నాడు భుజంగరావు మెత్తగా. "పద్దెనిమిది వందల తొంభైలోనే పోయారు. పత్రంలో ఉంది."

ఆ కేక అలాగే ఉండిపోయింది. 'గిలక' మూడు వందల ఎపిసోడ్లు నడిచింది. అనంతపురంలో సభ పెట్టి, దాన్ని తెలుగులోకి తెచ్చినందుకు సువర్ణకు శాలువా కప్పారు. ప్రధాన వక్త రామాంజులు. సీరియల్ బాగానే ఉందనీ, అయితే సర్ థామస్ బెల్గప్ నవలను మూలంలో చదివిన తనబోటివాళ్ళకు ఆ లోతు ఇందులో కనిపించలేదనీ, అందుకు అనువాదకురాలిని తప్పుపట్టలేమనీ, కరువును తెలుగువాళ్ళు ఇంకా సరిగా అర్థం చేసుకోలేదనీ గంటసేపు మాట్లాడాడు. ముందు వరసలో కూర్చున్న ఈశ్వరప్ప పక్కనున్న అల్లుణ్ణి అడిగాడు: "ఏమప్పా, ఈయప్ప ఏ ఊరి కరువు గురించి చెప్తాన్నాడు?" ఓబిలేష్ ఆయనను చేయి పట్టుకుని టీ తాగడానికి బయటికి తీసుకుపోయాడు.

ఆ రోజు సువర్ణ ఒక నిర్ణయం తీసుకుంది. సీరియళ్ళు వద్దు, దయ్యం వద్దు, చప్పుడు చేసే గిలకా వద్దు. జరిగింది జరిగినట్టు రాసింది. లక్ష్మీదేవమ్మను లక్ష్మీదేవమ్మ అనీ, ఈశ్వరప్పను ఈశ్వరప్ప అనీ, ఊరిని బెళుగుప్ప అనే రాసింది. తొమ్మిది పేజీలు వచ్చింది. పేరు 'ముందు కడవ'. నాయనను కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించింది. ఆయన రెండు చోట్ల ఆపమన్నాడు. ఒక చోట తాడు జనుముది కాదు, కొబ్బరినారది అని దిద్దాడు. ఇంకో చోట ఏమీ చెప్పలేదు, ఊరికే ఆపమన్నాడు, అంతే. అయిపోయాక "ఇది సరిగుంది" అన్నాడు. కవరు తానే తీసుకుపోయి పోస్టాఫీసులో ఇచ్చి, ముద్ర పడేదాకా నిలబడి చూసి వచ్చాడు.

అది కొత్త రచయితలను వెలికితీసే వారపత్రిక. మూడు నెలలకు కథ తిరిగి వచ్చింది. దానితోపాటు టైపు చేసిన ఉత్తరం ఒకటి ఉంది. సంపాదకవర్గం ఎంతో ఆదరంగా రాసింది:

"మీ కథ 'ముందు కడవ' అందినది. నిపుణులచే పరిశీలింపజేయగా, ఇది సుప్రసిద్ధ ఆంగ్ల రచయిత సర్ థామస్ బెల్గప్ నవలకు అనుకరణ అని తేలినది. పైగా నూట పన్నెండో పేజీలోని ముఖ్య సంభాషణను మీరు మూలానికి విరుద్ధంగా మార్చి, దాని సహజత్వాన్ని చెడగొట్టినారు. మా పత్రిక స్వతంత్ర రచనలను మాత్రమే ప్రచురించును. మీ శైలి బాగున్నది. ఇకమీదట పరాయి పుస్తకాల జోలికి పోకుండా, మీ ఊరి గురించీ, మీ ఇంట్లో జరిగిన విషయాల గురించీ రాయడానికి ప్రయత్నించగలరు."